ఎవరి ప్రాజెక్టు? ఎవరి పరిసరం?

ఉత్తరాంధ్ర జనానికి 'ప్రాజెక్టు' కొత్త మాట కాదు. వంశధార ప్రాజెక్టు, తోటపల్లి ప్రాజెక్టు, మడ్డువలస ప్రాజెక్టు, సోంపేట థర్మల్ ప్రాజెక్టు, కొవ్వాడ అణు ప్రాజెక్టు. ఈ మాట వినగానే ఇక్కడివాళ్ళకి గుర్తొచ్చేది పోయిన భూమి, లేచిపోయిన ఊరు, 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో జరిగిన పోలీసు కాల్పులు. ఇదే మాట ఇప్పుడు ప్రాథమిక బడిలోనూ వుంది. పిల్ల ఇంటికొచ్చి 'ప్రాజెక్టు రాయాలి' అంటే కూలికెళ్ళి వచ్చిన తల్లికి అదేటో తెలీదు. చార్టు కొనాలి, రంగులు కొనాలి, నెట్ సెంటర్లో బొమ్మలు తీయించాలి, అందుకు డబ్బులు కావాలి. ఆమెకి అర్థమయ్యేది ఇంతే.

ప్రాజెక్టు పద్ధతి, తరగతి గదిలో తెరలూ ట్యాబులూ. ఎలిమెంటరీ టీచర్లకి ఇచ్చే శిక్షణలన్నీ ఇప్పుడు ఈ రెండింటి చుట్టూ తిరుగుతున్నాయి. వీటిని విమర్శించడమంటే బట్టీ చదువుని వెనకేసుకు రావడం అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. అది పొరపాటు. నోటితో వల్లెవేసి, చేతితో చేసే పనిని నీచంగా చూసింది బ్రాహ్మణీయ సంప్రదాయం. పని చేసి బతికిన కులాలకి 'చేస్తూ నేర్చుకోవడం' అనే సూత్రంతో తగువు లేదు. తగువల్లా వేరే దగ్గర వుంది. ప్రాజెక్టు ఎవరి ప్రశ్నతో మొదలవుతుంది? అందులో 'పరిసరం' అంటున్నది ఎవరి పరిసరం? యంత్రం ఎవరి చేతిలో వుంది? ఈ మూడు ప్రశ్నలు అడక్కుండా పద్ధతిని మెచ్చుకున్నా, తిట్టినా ఉపయోగం లేదు.

1. కొలంబియా నుంచి రెండు దారులు

'ప్రాజెక్టు పద్ధతి' అనే వ్యాసం విలియం కిల్‌పాట్రిక్ 1918లో రాశాడు. ఆయన న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీలో పనిచేసేవాడు, జాన్ డ్యూయీ ఆలోచనల్ని అనుసరించినవాడు. పిల్లలు నలుగురితో కలిసి, మనసు పెట్టి, తమకంటూ ఒక ఉద్దేశం వుండి చేసే పనే ప్రాజెక్టు అని ఆయన వాదన. ఉద్దేశం పిల్లలది కావాలి. అది లేకపోతే ఎంత అందంగా చేసినా వెట్టిపనే అవుతుంది.

అదే విశ్వవిద్యాలయంలో 1913 నుంచి 1916 దాకా అంబేడ్కర్ చదువుకున్నాడు, డ్యూయీ దగ్గర పాఠాలు విన్నాడు. డ్యూయీ 'ప్రజాస్వామ్యం - విద్య' పుస్తకం వచ్చింది 1916లోనే. ఇరవయ్యేళ్ళ తర్వాత, 1936లో అచ్చయిన 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ డ్యూయీని తన గురువుగా చెప్పుకుని, ఆయనకి ఋణపడి వున్నానన్నాడు. ప్రజాస్వామ్యమంటే ఓట్లు, ప్రభుత్వం మాత్రమే కాదు, మనుషులు ఒకరి అనుభవాన్ని ఒకరు పంచుకుంటూ కలిసి బతకడం అన్న ఆలోచనని ఆయన ఈ దేశానికి తెచ్చి కులం ముందు నిలబెట్టాడు. పంచుకోవడాన్ని ఆపేదే కులం. కాబట్టి కులం వున్నచోట ప్రజాస్వామ్యం లేదు.

అంటే కొలంబియా నుంచి మన దాకా రెండు దారులున్నాయి. అంబేడ్కర్ తెచ్చిన దారి సమాజాన్ని ప్రశ్నిస్తుంది. శిక్షణ కళాశాలల మీదుగా వచ్చిన రెండో దారిలో సమాజం రాలిపోయి పద్ధతి ఒక్కటే మిగిలింది. డీఎస్సీకి చదివే పిల్లలు డ్యూయీ, కిల్‌పాట్రిక్ పేర్లు జతపరచడం నేర్చుకుంటారు. అదే పాఠంలో అంబేడ్కర్ పేరు కనపడటం అరుదు. ఇది మరుపు కాదు. పద్ధతిని కులం నుంచి విడదీస్తేనే అది అందరికీ ఇబ్బంది లేని పద్ధతి అవుతుంది.

2. మన బళ్ళకి ఎలా వచ్చింది

ఈ ఆలోచనలు మన బళ్ళకి వచ్చింది నిన్నామొన్నా కాదు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, టీచర్లు ఏపెప్ అని పిలిచేది, 1980లలో ప్రయోగంగా మొదలై 1989 తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. దానికి ఆరు సూత్రాలుండేవి. టీచరే కృత్యాలు తయారు చెయ్యడం, చేస్తూ, కనుక్కుంటూ నేర్పడం, వ్యక్తిగతంగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాల్ని గుర్తించడం, స్థానిక పరిసరాల్ని వాడుకోవడం, గదిని ఆకర్షణీయంగా వుంచడం. తర్వాత 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మొదటి విడతలో రాష్ట్రంలో అయిదు జిల్లాల్ని తీసుకుంటే అందులో విజయనగరం ఒకటి. శ్రీకాకుళం రెండో విడతలో ప్రపంచ బ్యాంకు అప్పుతో చేరింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కృత్యాలు, అన్వేషణ ద్వారా నేర్చుకోవడాన్ని చట్టంలోనే చేర్చింది. ఆ వెంట వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి వేరుగా మార్కులు పెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం అనుభవంతో నేర్చుకోవడాన్ని పై నుంచి కింది దాకా చెబుతోంది. 2021లో 'సాల్ట్' పథకానికి ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది.

వీటిలో మంచి లేదని మేము అనం. ఏపెప్ కాలంలో టీచర్ల కేంద్రాలు వచ్చాయి. ఒంటరిగా పల్లెలో పడివున్న టీచరు పక్కూరి టీచరుతో పాఠం గురించి మాట్లాడే చోటు దొరికింది. చదువులో మొదటి తరం పిల్లలు బడి గోడ మీద తమ చేతిరాత చూసుకున్నారు. అది చిన్న విషయం కాదు.

కానీ ఆరు సూత్రాల్లో చివరిది మిగతా అయిదింటినీ మింగేసింది. తనిఖీకి వచ్చిన అధికారికి ఆలోచన కనపడదు, గోడ కనపడుతుంది. కాబట్టి గోడ నిండా చార్టులు వచ్చాయి. మార్కులు పెట్టగానే పరిస్థితి ఇంకా దిగజారింది. గైడుల్లో తయారైన ప్రాజెక్టులు అచ్చయి వచ్చాయి. అందులోంచి ఎత్తి రాయడం ప్రాజెక్టు అయింది. బట్టీ పట్టడానికి కనీసం జ్ఞాపకం కావాలి. ఎత్తి రాయడానికి కావలసింది కాగితం, పెన్ను, గైడు కొనడానికి డబ్బు. ఇక్కడ మొదటి తరం పిల్లకి జరిగే నష్టం ఏమిటంటే, చదువుకున్న ఇంట్లో ప్రాజెక్టుని తల్లిదండ్రులు చేసి పెడతారు. చదువులేని ఇంట్లో పిల్ల ఒక్కతే చెయ్యాలి. పరీక్షయితే ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని రాస్తారు. ప్రాజెక్టులో ఇంటి ఆస్తి, ఇంటి చదువు నేరుగా మార్కులయిపోతాయి. సమానత్వం పేరుతో వచ్చిన పద్ధతి ఇలా అసమానత్వానికి కొత్త తలుపు తెరిచింది.

ఇంకో విడ్డూరం కూడా వుంది. అన్వేషణ గురించి శిక్షణ ఇస్తున్న కాలంలోనే, 2022లో, 1 నుంచి 8 తరగతుల పిల్లలకి ఓ.ఎం.ఆర్. పత్రాల మీద సున్నాలు నింపే పరీక్షలు పెట్టారు. ఒక చేత్తో 'నువ్వే కనుక్కో' అని, ఇంకో చేత్తో 'నాలుగింట్లో ఒకటి దిద్దు' అంటే టీచరు దేన్ని నమ్మాలి?

3. పరిసరంలో పేట ఎక్కడ?

'మీ ఊరి పటం గీయండి.' ప్రాథమిక తరగతుల్లో అందరికీ తెలిసిన ప్రాజెక్టు ఇది. గుడి, చెరువు, పంచాయతీ ఆఫీసు, బడి, రోడ్డు గీస్తారు. మాలపేట, మాదిగపేట, రెల్లి వీధి పటంలో ఎక్కడుంటాయి? చాలాసార్లు కాగితం అంచున. లేదంటే కాగితం బయట. ఊరికి నీటి కొళాయి ఏ వీధి దాకా వచ్చి ఆగింది, శ్మశానం దారి ఎవరి పొలం మీదుగా పోతుంది, రామ మందిరం అరుగు మీద ఎవరు కూర్చుంటారు అన్న ప్రశ్నలు వేస్తే అదే పటం సామాజిక శాస్త్రం అవుతుంది. వెయ్యకపోతే అది రంగుల బొమ్మ.

రెండో ప్రాజెక్టు 'మీ ఇంట్లోవాళ్ళు చేసే పని.' ఉద్యోగస్తుడి కొడుకు గర్వంగా రాస్తాడు. పట్నంలో వీధులూడ్చే రెల్లి తల్లి కూతురు ఏం రాయాలి? నిజం రాస్తే తరగతిలో నవ్వుతారు. అబద్ధం రాస్తే మంచి మార్కులు వస్తాయి. నిజం దాచుకోవడం నేర్పే పాఠం ఇది. ఇదే ప్రశ్నని తిప్పి, తరగతి మొత్తానికి, 'మన పట్నాన్ని ఎవరు శుభ్రం చేస్తున్నారు? ఎంత జీతానికి? చేతి తొడుగులు ఇస్తున్నారా? ఆ పని ఒకే కులం మీద ఎందుకు పడింది?' అని ఇస్తే అప్పుడు సిగ్గుపడాల్సింది పిల్ల కాదు, సమాజం.

పనినీ చదువునీ కలపడం గురించి మనకి చేదు చరిత్ర వుంది. 1937 వార్ధా సమావేశం నుంచి గాంధీ 'నయీ తాలీం' చేతివృత్తిని చదువుకి కేంద్రం చేసింది. 1953 జూన్‌లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో గ్రామీణ బళ్ళకి కొత్త పథకం పెట్టింది. రోజులో సగం బడి, మిగతా సగం తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవడం. శ్రీకాకుళం, విశాఖ జిల్లాలు అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోనే వున్నాయి. ద్రావిడ ఉద్యమం దాన్ని కులవృత్తి చదువు అని పేరు పెట్టి ఎదిరించింది. రాజాజీ దిగిపోయి కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక 1954లో పథకం పోయింది. 2020 విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకి పుస్తకాల సంచి లేని పది రోజులు పెట్టి, స్థానిక వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల దగ్గర పని నేర్చుకోమన్నారు. బ్రాహ్మల పిల్లాడు కుమ్మరి చక్రం దగ్గర కూర్చుంటే అది మంచిదే, కూర్చోవాలి. కానీ కుమ్మరి పిల్లాడు ఆ పది రోజులు ఎక్కడ కూర్చుంటాడు? జిల్లా కోర్టులోనా, బ్యాంకులోనా, ఆసుపత్రి ల్యాబులోనా? విధానంలో రాసిన జాబితాలో అవి లేవు. పని విలువ నేర్పడం నిజమైతే పని చెయ్యనివాళ్ళని పనిలోకి, పని తప్ప వేరే దారి లేనివాళ్ళని ఇతర చోట్లకి పంపాలి.

మన సంప్రదాయం వేరే వుంది. 1882లో హంటర్ కమిషన్‌కి ఇచ్చిన విజ్ఞాపనలో ఫూలే ప్రాథమిక విద్యకే ముందు డబ్బు పెట్టమన్నాడు. టీచర్లు వీలైనంత వరకు సాగు చేసే కులాల నుంచి రావాలని, నాగలి పట్టుకోవడానికీ బాడిత పట్టుకోవడానికీ సిగ్గుపడనివాళ్ళు కావాలని అడిగాడు. ఇక్కడ తేడా గమనించాలి. నయీ తాలీం పిల్లవాడి చేతిలో పనిముట్టు పెట్టింది. ఫూలే టీచరు పదవినే పనిచేసే కులాల చేతిలో పెట్టమన్నాడు.

ఇప్పుడు మడ్డువలస సంగతి. సువర్ణముఖి నది మీద వంగర మండలంలో కట్టిన రిజర్వాయరు అది. దానికోసం సేకరించిన భూముల్లో మునగకుండా మిగిలిన కొంత భూమిని లక్ష్మీపేట దళితులు సాగు చేసుకున్నారు. ఆ భూమి కోసం 2012 జూన్ 12న ఊళ్ళో ఆధిపత్యంలో వున్న కులం వాళ్ళు దళితుల మీద దాడి చేసి అయిదుగుర్ని చంపారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 విభజన తర్వాత విజయనగరం జిల్లా. ఈ ప్రాంతపు బడిలో 'నీటిపారుదల' పాఠానికి ప్రాజెక్టు ఇస్తే పిల్లలు గైడులోంచి నాగార్జునసాగర్ బొమ్మ అంటిస్తారు. పక్కనున్న రిజర్వాయరు నీళ్ళు ఎన్ని ఊళ్ళకి వెళ్తున్నాయి, ఎవరి పొలం తడుస్తోంది, ఊరు మారినవాళ్ళకి భూమికి బదులు ఏం దక్కింది అని అడగమని చెప్పే ధైర్యం ఏ శిక్షణ మాడ్యూలుకి వుంది? 'స్థానిక పరిసరం' అనే సూత్రాన్ని నిజంగా పాటిస్తే అది లక్ష్మీపేట దాకా వెళ్తుంది. అక్కడికి వెళ్ళకుండా వుండటానికే పరిసరాన్ని ఆకులు, పువ్వులు, పక్షుల దగ్గర ఆపేశారు.

4. నల్లబల్ల నుంచి తెర దాకా

తరగతి గదిలో మొదటి సాంకేతిక పరికరం నల్లబల్ల. అంబేడ్కర్ జీవిత చరిత్రలో ఒక సంగతి చెబుతారు. చిన్నప్పుడు మాస్టారు లెక్క చెయ్యమని ఆయన్ని నల్లబల్ల దగ్గరికి పిలిస్తే తరగతిలో గోల లేచింది. సవర్ణ పిల్లల అన్నం డబ్బాలు ఆ బల్ల వెనక వున్నాయి. ఆయన బల్లని తాకేలోపు వాళ్ళు పరిగెత్తి డబ్బాలు పక్కకి లాగేసుకున్నారు. పరికరం తటస్థం అనేవాళ్ళకి ఇది చాలు. పరికరం దగ్గరికి ఎవరు నడిచి వెళ్ళగలరు అన్నదే అసలు ప్రశ్న.

ఇక తెరల సంగతి. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది డిసెంబర్ 21న ఎనిమిదో తరగతి పిల్లలకీ వాళ్ళ టీచర్లకీ ట్యాబులు పంచడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు అదే తేదీన మళ్ళీ పంచింది. పెద్ద తరగతుల గదులకి తాకే తెరలు, ప్రాథమిక బళ్ళకి స్మార్ట్ టీవీలు ఇచ్చారు. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ట్యాబు కొన్నది జనం డబ్బుతో, అందులో పాఠం మాత్రం కంపెనీ ఆస్తి. దుకాణం మూతపడితే పాఠం ఏమవుతుంది అన్న ప్రశ్న ఒప్పందం నాడు ఎవరూ గట్టిగా అడగలేదు. ఊరి టీచరు రాసిన పాఠమైతే టీచరు బదిలీ అయినా బడిలో వుంటుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. 'పేద పిల్లలకి ట్యాబులెందుకు, పలక చాలదా' అన్నవాళ్ళతో మాకు ఏ పొత్తూ లేదు. ఆ మాటలన్నవాళ్ళ పిల్లలు కంప్యూటర్ ముందే పెరిగారు. ఇంగ్లీషు వద్దు, యంత్రం వద్దు అని మనకి చెప్పి తాము రెండూ తీసుకోవడం పాత ఆటే. కావాలి, తప్పకుండా కావాలి. అయితే పిల్ల దాన్ని చూడటానికే కావాలా, వాడటానికి కావాలా? తెర ముందు కూర్చుని పట్నంలో తయారైన వీడియో చూస్తే ఆమె మళ్ళీ శ్రోతే. అదే కెమెరా ఆమె చేతికిస్తే చోడి అంబలి కాచే అమ్మమ్మని, వలస బస్సు ఎక్కుతున్న మేనమామని, పలాస జీడిపిక్కలు కొట్టి నల్లబడ్డ పిన్ని వేళ్ళని తీస్తుంది. మా ఇళ్ళల్లో చోళ్ళు అనేవాటిని పుస్తకం రాగులు అంటుంది. పిల్ల 'చోళ్ళు' అని రాస్తే అది తప్పు కాదని చెప్పే టీచరు వున్నచోటే యంత్రం పనికొస్తుంది.

భాష సంగతి ఏజెన్సీలో ఇంకా కటువు. సవర పిల్లకి తెలుగే పరాయి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో వుండి సవర భాష నేర్చుకుని, సవరల కోసం బళ్ళు పెట్టి, వాచకాలు రాశాడు. 2004లో ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో అది కొన్నాళ్ళు ఆశ పుట్టించింది. తర్వాత వచ్చిన తెరలు మాత్రం ఇంగ్లీషు, తెలుగు మాట్లాడుతున్నాయి. నూరేళ్ళ కిందట కాగితం, కలంతో ఒక మనిషి మొదలుపెట్టిన పనిని కోట్ల రూపాయల యంత్రం ముందుకి తీసుకుపోవాలి. దాన్ని దాటవేయడానికి వాడుకుంటే ఎలా?

5. టీచరు మీద తెర

యంత్రం పిల్లకి చేరేలోపే టీచరు మీద నిఘాగా మారింది. 2022 ఆగస్టులో ముఖం గుర్తించే హాజరు యాప్ పెట్టారు. టీచర్ల సంఘాలు వ్యతిరేకించాయి. మధ్యాహ్న భోజనం ఫోటోలు, మరుగుదొడ్ల ఫోటోలు కూడా పంపాల్సి వచ్చింది. ఇందులో కులం ఎలా పనిచేసిందో చూడండి. మరుగుదొడ్డి ఫోటో తీయడం అవమానమని టీచర్లు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమే. కానీ అదే దొడ్డిని చాలీచాలని జీతానికి రోజూ కడిగే ఆయా అవమానం గురించి ఏ సంఘం డిమాండ్ల పత్రంలో ఎన్ని వాక్యాలు వున్నాయి?

2022 జూన్‌లో వచ్చిన 117వ నంబరు జీ.వో. 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళకి తరలించింది. చాలా ప్రాథమిక బళ్ళు ఒక్క టీచరుతో మిగిలాయి. 2025లో ఆ జీ.వో.ని రద్దు చేసి బళ్ళని మళ్ళీ కొత్త రకాలుగా విడగొట్టారు. ఏకోపాధ్యాయ బడిలో రెండు తరగతుల్నీ ఒక్కరే చూసుకుంటూ, యాప్ నింపుతూ, భోజనం చూస్తూ ప్రాజెక్టు పద్ధతి నడపమంటే అది మనిషి చేసే పని కాదు. డబ్బున్నవాళ్ళు ప్రైవేటు బడికి పోయాక ఈ బళ్ళల్లో ఎక్కువగా మిగిలింది దళితుల, ఆదివాసుల, పేద బి.సి.ల పిల్లలే. వాళ్ళ బడి కాబట్టే ఒక్క టీచరు చాలనుకున్నారు.

అయినా టీచరు బాధితుడు మాత్రమే కాడు. సాయంత్రం బస్సెక్కి పట్నం పోయే టీచరుకి పేట పరిసరం కాదు. పేటలో ఒకసారైనా మంచినీళ్ళు తాగని టీచరు 'స్థానిక వనరుల వినియోగం' గురించి ఎన్ని శిక్షణలు తీసుకున్నా అది కాగితం మీదే వుంటుంది.

6. ఏం చెయ్యాలి

మిత్రులు చర్చించడానికి కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాం.

ప్రాజెక్టుకి ఇంటి నుంచి ఒక్క రూపాయి తేకూడదు. కావలసిన కాగితం, రంగులు బడి నిధి నుంచే రావాలి. పని బడి వేళల్లో, బడిలోనే, జట్టుగా జరగాలి. ఇంటికి పంపే ప్రాజెక్టుకి మార్కులు వుండకూడదు.

పిల్లని విడిగా నిలబెట్టి కులాన్నీ, తల్లిదండ్రుల పనినీ చెప్పించే ప్రశ్నలు ఆపాలి. పని గురించి, కూలి గురించి, కులం గురించి ప్రశ్నలు తరగతి మొత్తానికి వెయ్యాలి. జట్టులో ఎవరు రాస్తారు, ఎవరు చెబుతారు, ఎవరు గది ఊడుస్తారు అన్నది వంతులవారీగా మారాలి. జట్టు నాయకుడు ఎప్పుడూ ఒకే వీధి నుంచి వస్తుంటే అది జట్టు కాదు.

ఊరి పటం పేటతో మొదలవ్వాలి. కూలి రేట్లు, నీళ్ళు, వలస, భూమి, రేషను లెక్కలు నాలుగు, అయిదు తరగతుల పిల్లలు చెయ్యగలిగిన గణితమే. తేల్చిన సంగతులు పాఠశాల కమిటీ ముందు, గ్రామసభలో పిల్లలే చదవాలి. గోడకి అంటించి వదిలేస్తే అది అలంకారం. సభలో చదివితే సర్పంచి జవాబు చెప్పాలి.

ప్రభుత్వం కొనే ప్రతి పరికరంలో పాఠం ప్రజల ఆస్తిగా వుండాలి. టీచర్లు దాన్ని మార్చుకోవడానికి, సవర, కువి, కొండ భాషల్లోకి తెచ్చుకోవడానికి, ఇంటర్నెట్ లేకుండా వాడుకోవడానికి వీలుండాలి. యాప్ కంటే ముందు ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లు కావాలి.

ఇవన్నీ జీ.వో.తో రావని మాకు తెలుసు. ఊరి పటంలో పేట ఎక్కడుందని ఒక పిల్ల అడిగిన రోజున ఆ టీచరు మీద ఊరి పెద్దలు ఫిర్యాదు చెయ్యొచ్చు, బదిలీ చేయించొచ్చు. అప్పుడు ఆ టీచరు పక్కన ఎవరు నిలబడతారు? దళిత సంఘాలు బడిని హాస్టలు, స్కాలర్‌షిప్పు విషయంగానే చూస్తూ వచ్చాయి. టీచర్ల సంఘాలు జీతం, బదిలీ విషయంగా చూస్తూ వచ్చాయి. పాఠం లోపల ఏముందన్నది రెండు సంఘాల ఎజెండాలోనూ లేదు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు రెండూ ఒక్కసారి ఒకచోట కూర్చుని ఈ ఒక్క విషయం మాట్లాడుకోవాలని అడుగుతున్నాం.